వర్డ్‌ప్రెస్‌ను చేతులారా నెలకొల్పడం

సొంత వెబ్‌సైటు కావాలనుకునే వ్యక్తికి గానీ సంస్థకు గానీ హోస్టింగ్ కంపెనీలు నేడు ఒక్క నొక్కుతో పని ముగించే సాధనాలను అందిస్తున్నాయి. కంట్రోల్ ప్యానెల్‌లో ఒక గుర్తు మీద నొక్కి, సైటు పేరూ పాస్‌వర్డూ ఇచ్చి, కాసేపు ఆగితే వర్డ్‌ప్రెస్ దానంతటదే సిద్ధమవుతుంది. అంత సులువైన దారి ఉండగా ఫైళ్లను స్వయంగా దింపుకొని, డేటాబేసును స్వయంగా సృష్టించి, ఆ రెండింటినీ కలిపే అమరిక ఫైలును స్వయంగా రాసుకునే పద్ధతి ఎందుకు నేర్చుకోవాలన్న ప్రశ్న సహజమే. దాని సమాధానం సైటు మొదలైన రోజున కాక, అది ఆగిపోయిన రోజున తెలుస్తుంది. సైటు తెరవగానే డేటాబేసుతో సంబంధం కుదరలేదన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ కనిపించనప్పుడు, తన రాతలు ఎక్కడ నిలవ ఉన్నాయో, బొమ్మలు ఏ ఫోల్డరులో ఉన్నాయో, ఈ రెండింటికీ లంకె ఏ ఫైలులో ఉందో తెలిసిన వ్యక్తి నిదానంగా కారణం వెతకగలుగుతాడు. ఆ లంకె ఉన్నదనే ఎరుగని వ్యక్తి ఏళ్ల తరబడి కూడబెట్టిన రాతలన్నీ పోయాయేమోనని బెంబేలెత్తుతాడు, నిజానికి వాటిలో ఒక్క అక్షరం కూడా చెక్కుచెదరకపోయినా. చేతులారా ఒక్కసారి నెలకొల్పినవారికి ఆ ఎరుక పనిలో భాగంగానే అబ్బుతుంది.

కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, పొట్టిగా సీఎంఎస్, అంటే సైటులోని విషయాన్ని దాని రూపం నుంచి విడదీసి భద్రపరచి, పాఠకుడు అడిగిన క్షణంలో రెండింటినీ కలిపి పేజీగా అందించే సాఫ్ట్‌వేర్. ఈ కోవలో జూమ్లా, ద్రూపల్ వంటివి ఉన్నా, అన్నిటికన్నా ఎక్కువ వాడుకలో ఉన్నది వర్డ్‌ప్రెస్ కనుక ఈ అధ్యాయం దానినే ఉదాహరణగా తీసుకుంటుంది. మిషెల్ వాల్‌ద్రీగి రూపొందించిన బీ2 అనే సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఆగిపోయిన దశలో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ దాని కోడును తీసుకొని మెరుగుపరచి, 2003 మే 27న వర్డ్‌ప్రెస్ తొలి వెర్షన్‌ను విడుదల చేశారు. బీ2 జీపీఎల్ లైసెన్సు కింద ఉండటం వల్లనే అది సాధ్యమైంది. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అయితే మార్చి పంచిన దానికీ అదే స్వేచ్ఛ కొనసాగాలి అనేది ఆ లైసెన్సు సారాంశం. వర్డ్‌ప్రెస్ కూడా నేటికీ అదే లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుంది, కాబట్టి ఖర్చంతా డొమైన్ పేరుకూ హోస్టింగుకూ మాత్రమే.

ఈ సాఫ్ట్‌వేర్‌కు రెండు భాగాలు ఉంటాయి. మొదటిది పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ఫైళ్ల సముదాయం. రాస్మస్ లెర్‌డార్ఫ్ 1995లో విడుదల చేసిన ఈ భాష, పాఠకుని కంప్యూటరులో కాక సర్వరులో నడుస్తుంది. రెండవది డేటాబేసు, అంటే విషయాన్ని వరుసలూ నిలువులూ గల పట్టికలుగా భద్రపరిచే వ్యవస్థ; ఇందుకు మైఎస్‌క్యూఎల్ గానీ, 2009లో దాని నుంచి విడివడిన మరియాడీబీ గానీ వాడతారు. ముద్రణాలయంతో పోలిస్తే ఫైళ్లు అచ్చుయంత్రం, డేటాబేసు రాతప్రతుల బీరువా. యంత్రం పాడైతే సరిగ్గా అలాంటిదే మరొకటి ఉచితంగా తెచ్చుకోవచ్చు, కానీ రాతప్రతి పోతే మరెక్కడా దొరకదు. ఫైళ్లలో కూడా ఒక్క భాగం మాత్రం ఈ సూత్రానికి మినహాయింపు: డబ్ల్యూపీ-కంటెంట్ అనే ఫోల్డరులో సైటు యజమాని ఎక్కించిన బొమ్మలూ, సైటు రూపాన్ని నిర్ణయించే థీములూ, అదనపు పనులు చేర్చే ప్లగిన్లూ ఉంటాయి కనుక అదీ రాతప్రతితో సమానమే. డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్ అనే మిగిలిన రెండు ఫోల్డర్లూ ఎవరి సైటులోనైనా ఒక్కలాగే ఉంటాయి, ఎప్పుడైనా తీసేసి కొత్తవి పెట్టుకోవచ్చు.

ముందస్తు ఏర్పాట్లు

డొమైన్ పేరు అంటే సైటు చిరునామా. హోస్టింగ్ అంటే ఎల్లవేళలా ఇంటర్నెట్‌కు కలిసి ఉండే సర్వరులో అద్దెకు తీసుకున్న చోటు. ఈ రెండూ ఒకే కంపెనీ వద్ద ఉండవచ్చు, వేర్వేరు చోట్లా ఉండవచ్చు. వేరుగా ఉన్నప్పుడు డొమైన్ అమ్మిన కంపెనీ పేజీలో హోస్టింగ్ కంపెనీ ఇచ్చిన నేమ్‌సర్వర్ల పేర్లు నమోదు చేయాలి. పేరును బట్టి సర్వరు సంఖ్యా చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ వ్యవస్థకు ఆ మార్పు చేరడానికి కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల వరకు పడుతుంది. ఈ వ్యవధిలో సైటు ఒక ఫోనులో కనిపించి మరొక కంప్యూటరులో కనిపించకపోవడం మామూలు విషయమే, దానికి కంగారుపడి అమరికలను మళ్లీ మళ్లీ మార్చడం వల్ల ఆలస్యం పెరుగుతుందే తప్ప తగ్గదు. చిన్న సంస్థల విషయంలో ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం: గ్రంథాలయమో, సాహిత్య సంస్థో, విదేశాల్లోని తెలుగు సంఘమో సైటు పెట్టుకునేటప్పుడు డొమైన్‌ను ఉత్సాహవంతుడైన ఒక సభ్యుని సొంత ఈమెయిల్ మీద నమోదు చేయడం తరచుగా జరుగుతుంది, ఆయన వేరే ఊరు వెళ్లిపోయాక పునరుద్ధరణ నోటీసులు ఎవరికీ అందక చిరునామాయే చేజారిపోతుంది. సంస్థ పేరు మీద ఒక ఈమెయిల్ తెరిచి, డొమైన్‌నూ హోస్టింగునూ దాని మీదనే నమోదు చేయడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ముందు చేయవలసినది.

హోస్టింగ్ ఖాతాలో పీహెచ్‌పీ వెర్షన్ ఏదో చూసుకోవాలి. చాలా కంపెనీల కంట్రోల్ ప్యానెళ్లలో దీన్ని మార్చుకునే వీలుంటుంది. 8వ శ్రేణిలో ఇంకా భద్రతా సవరణలు అందుతున్న వెర్షన్‌ను ఎంచుకోవాలి. డేటాబేసు విషయంలో మైఎస్‌క్యూఎల్ 8.0 లేదా మరియాడీబీ 10.6, లేదా వాటికన్నా కొత్తది ఉండటం మంచిది. ఆ వెంటనే హెచ్‌టీటీపీఎస్‌కు అవసరమైన ధ్రువపత్రాన్ని, అంటే పాఠకునికీ సర్వరుకూ మధ్య నడిచే సమాచారాన్ని ఇతరులు చదవకుండా రహస్యలిపిగా మార్చే ఏర్పాటును, సిద్ధం చేసుకోవాలి. 2015 చివర్లో అందరికీ అందుబాటులోకి వచ్చిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దీన్ని ఉచితంగా ఇస్తుంది, చాలా హోస్టింగ్ ఖాతాలు దాన్ని తమంతట తామే తెచ్చుకొని గడువు ముగిసేలోగా పునరుద్ధరించుకుంటాయి కూడా. ధ్రువపత్రం సైటు సిద్ధమైన తర్వాత తీసుకోవచ్చులే అనుకోవడం పొరపాటు. వర్డ్‌ప్రెస్ తాను ఏ చిరునామాలో నెలకొన్నదో ఆ చిరునామాను మొదటి రోజే డేటాబేసులో రాసుకుంటుంది కనుక, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెడితే తర్వాత సవరించవలసిన పని ఉండదు.

డేటాబేసు

సీప్యానెల్ వంటి కంట్రోల్ ప్యానెల్‌లో మైఎస్‌క్యూఎల్ డేటాబేసుల విభాగాన్ని తెరిచి మూడు పనులు చేయాలి: ఖాళీ డేటాబేసును సృష్టించడం, ఒక డేటాబేసు యూజరును సృష్టించడం, ఆ యూజరుకు ఆ డేటాబేసు మీద అధికారాలు ఇవ్వడం. మొదటి రెండూ చేసి మూడవది మరచిపోవడం కొత్తవారిలో చాలా తరచుగా కనిపించే లోపం. యూజరూ ఉంటాడు, డేటాబేసూ ఉంటుంది, కానీ ఒకరికి మరొకరితో సంబంధం ఉండదు. అన్ని అధికారాలూ ఇచ్చే గడిని గుర్తుపెట్టి భద్రపరిస్తేనే మూడవ పని పూర్తవుతుంది. ఈ యూజరు సైటులోకి ప్రవేశించే మనిషి కాదు, వర్డ్‌ప్రెస్ ఫైళ్లు డేటాబేసును తెరవడానికి వాడే గుర్తింపు మాత్రమే. అందుకే దీని పాస్‌వర్డు గుర్తుండేలా చిన్నదిగా ఉండాల్సిన అవసరం లేదు, కంట్రోల్ ప్యానెలే తయారుచేసి ఇచ్చే పొడవైన పాస్‌వర్డును యథాతథంగా తీసుకోవాలి. పలువురు ఒకే సర్వరును పంచుకునే హోస్టింగులో డేటాబేసు పేరుకూ యూజరు పేరుకూ ముందు ఖాతా పేరూ ఒక అండర్‌స్కోరూ వచ్చి చేరతాయి. స్వాతి అనే పేరు పెట్టానని అనుకున్నా, అసలు పేరు ఖాతా పేరుతో కలిసి ఉంటుంది కాబట్టి, తెర మీద చివరికి కనిపించిన పూర్తి పేరునే రాసిపెట్టుకోవాలి.

డేటాబేసు అక్షరాలను ఏ పద్ధతిలో భద్రపరుస్తుందన్నది తెలుగు సైటుకు ప్రత్యేకంగా ముఖ్యం. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన ప్రతి సంకేతమూ యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. చాలా ఎమోజీలు 4 బైట్లు తీసుకుంటాయి. మైఎస్‌క్యూఎల్‌లో పూర్వం యూటీఎఫ్8 అని పిలిచిన పద్ధతి 3 బైట్ల వరకే పట్టేది, కాబట్టి దానిలో తెలుగు నిలిచినా ఎమోజీ వచ్చిన చోట రాత తెగిపోయేది. నాలుగు బైట్లనూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అనే పద్ధతి ఆ తర్వాత వచ్చింది, వర్డ్‌ప్రెస్ 2015లో విడుదలైన 4.2 వెర్షన్ నుంచి దానినే వాడుతోంది. అంతకన్నా పాతదైన లాటిన్1 పద్ధతిలో మాత్రం తెలుగుకు చోటే లేదు. అలాంటి పట్టికలోకి తెలుగు వ్యాసాన్ని ఎక్కిస్తే అక్షరానికొక ప్రశ్నార్థకం మిగులుతుంది, ఒకసారి ప్రశ్నార్థకాలుగా మారిన రాతను వెనక్కి తెచ్చే మార్గం లేదు. అందుచేత డేటాబేసు సృష్టించిన వెంటనే, అది ఖాళీగా ఉన్నప్పుడే, పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే సాధనంలో తెరిచి కొలేషన్ అన్న చోట యూటీఎఫ్8ఎంబీ4తో మొదలయ్యే పేరు ఉందో లేదో చూసుకోవడానికి ఒక్క నిమిషం వెచ్చించడం ఎంతైనా మేలు.

దీనికి అనుబంధంగా మరొక విషయం. అను, శ్రీలిపి వంటి పాత ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద కంపోజు చేసిన పుస్తకాలూ పత్రికలూ తెలుగు ప్రచురణకర్తల వద్ద గుట్టలుగా ఉన్నాయి. వాటిలోని రాత తెర మీద తెలుగులా కనిపించినా, లోపల ఉన్నవి రోమన్ సంకేతాలే; నేరుగా కాపీ చేసి సైటులో పెడితే అర్థంలేని రోమన్ అక్షరాలు దర్శనమిస్తాయి. అది డేటాబేసు దోషం కాదు, ఎన్ని అమరికలు మార్చినా కుదరదు. ముందు యూనికోడ్‌లోకి మార్చి, మనిషి చదివి దిద్దాకే ఎక్కించాలి.

అమరిక ఫైలు

వర్డ్‌ప్రెస్ అధికారిక సైటు నుంచి జిప్ రూపంలో ఉన్న మూటను దింపుకొని విప్పితే అందులో డబ్ల్యూపీ-కాన్ఫిగ్-శాంపిల్ అనే పీహెచ్‌పీ ఫైలు ఉంటుంది. దానికి నకలు తీసి, పేరులోని శాంపిల్ అనే మాట తొలగించి, డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అని పేరు పెట్టాలి. మొత్తం వ్యవస్థలో ఫైళ్లకూ డేటాబేసుకూ లంకె ఇదొక్కటే. ఇందులో పూరించవలసినవి డేటాబేసు పేరు, యూజరు పేరు, పాస్‌వర్డు, డేటాబేసు ఉన్న సర్వరు పేరు. చివరిది చాలా హోస్టింగ్ ఖాతాల్లో లోకల్‌హోస్ట్ అనే మాటే, అంటే ఫైళ్లు ఉన్న యంత్రంలోనే డేటాబేసూ ఉందని అర్థం. కొన్ని కంపెనీలు డేటాబేసును వేరే యంత్రంలో ఉంచుతాయి కనుక, అలాంటప్పుడు వారు ఇచ్చిన పేరు రాయాలి.

ఈ ఫైలును వర్డ్ వంటి పత్రాలు రాసే సాఫ్ట్‌వేర్‌తో తెరవకూడదు. అవి నిలువుగా ఉండే కొటేషన్ గుర్తులను అందంగా వంపు తిరిగిన గుర్తులుగా మార్చేస్తాయి, పీహెచ్‌పీ వాటిని గుర్తించక ఆగిపోతుంది. మామూలు రాతను మాత్రమే భద్రపరిచే ఎడిటరునే వాడాలి, అందులోనూ యూటీఎఫ్-8 అని ఎంచుకునేటప్పుడు బామ్ లేని రూపాన్ని తీసుకోవాలి. బామ్ అంటే ఫైలు మొదట్లో కంటికి కనపడకుండా చేరే మూడు బైట్ల గుర్తు. ఆ గుర్తు ఉన్నా, ఫైలు తొలి వరుసకు ముందు ఒక ఖాళీ వరుస మిగిలినా, హెడర్లు ముందే పంపబడ్డాయన్న వింత సందేశం ఎదురవుతుంది, దాని కారణం ఊహించడం ఎంతటివారికైనా కష్టమే.

డేటాబేసు వివరాల కింద ఎనిమిది రహస్య పదబంధాలకు చోటు ఉంటుంది. సైటులోకి ప్రవేశించిన వ్యక్తి బ్రౌజరులో నిలవ ఉండే కుకీలను, అంటే ఆయనను గుర్తుపట్టేందుకు ఉంచే చిన్న సమాచార తునకలను, మరెవరూ నకలు సృష్టించకుండా కాపాడటం వీటి పని. వర్డ్‌ప్రెస్ సంస్థ నడిపే ఒక చిరునామాను తెరిస్తే ప్రతిసారీ కొత్తగా ఎనిమిది వరుసలు తయారై వస్తాయి, ఆ చిరునామా శాంపిల్ ఫైలులోనే రాసి ఉంటుంది. వాటిని యథాతథంగా తెచ్చి అతికిస్తే చాలు. ఎప్పుడైనా ఎవరో అనధికారికంగా ప్రవేశించారన్న అనుమానం కలిగితే ఇవే వరుసలను మార్చడం ద్వారా లోపల ఉన్న ప్రతి ఒక్కరినీ ఒకేసారి బయటికి పంపవచ్చునన్న సంగతి గుర్తుంచుకోదగినది. వాటి దిగువన పట్టికల పేర్లకు ముందు చేరే ఉపసర్గ ఉంటుంది. వర్డ్‌ప్రెస్ సృష్టించే 12 పట్టికల పేర్లూ దానితోనే మొదలవుతాయి. దాన్ని మార్చితే దాడుల నుంచి గొప్ప రక్షణ కలుగుతుందని చాలాచోట్ల చెబుతారు గానీ, ఆ రక్షణ స్వల్పమే. ఒకే డేటాబేసులో రెండు సైట్లు నడపవలసి వచ్చినప్పుడు వాటి పట్టికలు కలగాపులగం కాకుండా చూడటమే దాని అసలు ప్రయోజనం. సొంతంగా చేర్చే అమరికలు ఏవైనా ఉంటే, సవరణలు ఇక్కడితో ఆపాలని ఇంగ్లీషులో సూచించే వరుసకు పైననే రాయాలి. కింద రాసినవి ఆలస్యంగా చదవబడి ఫలితం ఇవ్వవు.

ఫైళ్లను ఎక్కించడం

ఫైళ్లను సర్వరుకు చేరవేసే పద్ధతుల్లో అన్నిటికన్నా ప్రాచీనమైనది ఎఫ్‌టీపీ. దాని తొలి వివరణను 1971 ఏప్రిల్‌లో రాసినవారు అభయ్ భూషణ్, కాన్పూరు ఐఐటీ తొలి బ్యాచి పట్టభద్రుడు. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో కొద్ది కంప్యూటర్లు మాత్రమే, అవీ ఒకరినొకరు ఎరిగిన సంస్థల వద్ద, ఉన్న కాలంలో పుట్టినందువల్ల ఎఫ్‌టీపీ పాస్‌వర్డును దాచకుండా మామూలు రాతగానే పంపుతుంది. ఆనాటికి అది లోపం కాదు, నేటి బహిరంగ వైఫైలో మాత్రం ప్రమాదమే. అదే పనిని రహస్యలిపిలో చేసే ఎస్‌ఎఫ్‌టీపీని వాడాలి, ఫైల్‌జిల్లా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పోర్టు సంఖ్య 22 ఇస్తే సాధారణంగా ఈ పద్ధతే నడుస్తుంది.

అయితే వర్డ్‌ప్రెస్ మూటలో వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉంటాయి, ఒక్కొక్కదానికీ విడిగా సంభాషణ జరగాలి కనుక, మన ఊళ్లలోని మామూలు కనెక్షన్ మీద ఇది గంటకు పైగా సాగి మధ్యలో తెగిపోవడం కద్దు. తెగిన చోట ఒకటి రెండు ఫైళ్లు సగమే చేరి ఉంటే, సైటు పైకి బాగానే ఉండి ఏదో ఒక పేజీ దగ్గర అకారణంగా ఆగిపోతుంది. జిప్ మూటనే కంట్రోల్ ప్యానెల్‌లోని ఫైల్ మేనేజరు ద్వారా ఎక్కించి, అక్కడే విప్పడం దీనికన్నా వేగవంతమూ నమ్మదగినదీ. గమ్యస్థానం పబ్లిక్_హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డరు. డొమైన్ చిరునామా తెరిచిన పాఠకునికి సర్వరు చూపేది ఈ ఫోల్డరులో ఉన్నదే. మూటను విప్పినప్పుడు వర్డ్‌ప్రెస్ అనే పేరుతో మరొక ఫోల్డరు ఏర్పడి ఫైళ్లన్నీ దానిలో ఉంటాయి కాబట్టి, లోపలివన్నీ ఎంచుకొని ఒక మెట్టు పైకి జరపాలి, లేకుంటే సైటు చిరునామా చివర వర్డ్‌ప్రెస్ అనే మాట శాశ్వతంగా వేలాడుతుంది.

పని ఏ వరుసలో చేయాలన్నది ఇక్కడ నిర్ణాయకం. అమరిక ఫైలు లేకుండా మిగిలిన ఫైళ్లను ఎక్కించి, తక్కినది రేపు చూద్దామని వదిలేస్తే, ఆ చిరునామా తెరిచిన ఎవరికైనా వర్డ్‌ప్రెస్ స్థాపన పేజీనే చూపుతుంది. ధ్రువపత్రం జారీ అయిన ప్రతి డొమైన్ పేరూ బహిరంగ పట్టీల్లో నమోదవుతుంది; ఆ పట్టీలను నిరంతరం గమనిస్తూ కొత్త సైట్లను వెతికే ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఉన్నాయి, అసంపూర్తిగా మిగిలిన స్థాపన పేజీ దొరికితే అవి తమ డేటాబేసు వివరాలు ఇచ్చి సైటును తామే పూర్తిచేసి, అలా దక్కిన అధికారంతో సర్వరులో హానికరమైన ఫైళ్లను పెడతాయి. అందువల్ల డేటాబేసు ముందు, పూరించిన అమరిక ఫైలు తర్వాత, మిగిలిన ఫైళ్లు చివర, ఆ వెంటనే విరామం లేకుండా స్థాపన పేజీ, అనే క్రమాన్ని ఒకే బైఠకులో ముగించాలి. అంత సమయం లేని రోజున మొదలుపెట్టకపోవడమే ఉత్తమం.

అనుమతుల సంఖ్యలను కూడా ఈ దశలోనే సరిచూడాలి. సర్వరులో ప్రతి ఫైలుకూ యజమానికి, ఆయన బృందానికి, ఇతరులకు విడివిడిగా హక్కులు ఉంటాయి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి లేదా ఫోల్డరులోకి ప్రవేశించడానికి 1 అని కూడి మూడు అంకెలుగా రాస్తారు. ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 ఉండాలి, అంటే మార్చే హక్కు యజమానికి మాత్రమే, చదివే హక్కు అందరికీ. డేటాబేసు పాస్‌వర్డు ఉన్న అమరిక ఫైలుకు మాత్రం 640 లేదా 600 వంటి కఠినమైన సంఖ్య తగినది. ఏదైనా ఫైలు ఎక్కనప్పుడు 777 ఇచ్చి చూడమని సలహాలు వినిపిస్తాయి. ఆ సర్వరులోని ప్రతి ప్రక్రియకూ ఆ ఫైలును మార్చే హక్కు ఇచ్చినట్టవుతుంది కనుక, ఆ సలహాను తాత్కాలికంగానైనా పాటించకూడదు.

స్థాపన పేజీ, ఆ తర్వాతి సవరణలు

బ్రౌజరులో సైటు చిరునామా తెరవగానే ముందు భాషల జాబితా వస్తుంది. దానిలో తెలుగును ఎంచుకుంటే నిర్వహణ పేజీలు చాలావరకు తెలుగులోనే కనిపిస్తాయి, స్వచ్ఛంద అనువాదకులు ఏళ్లుగా చేస్తున్న కృషి ఫలితమిది. సహాయం కోసం వెతికేటప్పుడు ఇంగ్లీషు మాటలతో పోల్చుకోవడం సులువుగా ఉండాలనుకునేవారు ఇంగ్లీషును ఎంచుకొని తర్వాత మార్చుకోవచ్చు. సైటు పేరు, యూజరు పేరు, పాస్‌వర్డు, ఈమెయిల్ ఇవ్వాలి. యూజరు పేరు అడ్మిన్ అని పెట్టకూడదు, పాస్‌వర్డులు ఊహించే ప్రోగ్రాములు మొదట ప్రయత్నించే పేరు అదే. ఈమెయిల్ నిజంగా అందేది కావాలి, పాస్‌వర్డు మరచిపోయిన నాడు తలుపు తెరిచే మామూలు దారి అదే.

లోపలికి ప్రవేశించిన తర్వాత తెలుగు సైటు యజమాని మొదటి వ్యాసం రాయకముందే తేల్చుకోవలసిన అంశం పర్మాలింకు, అంటే ఒక్కొక్క వ్యాసానికి ఉండే స్థిరమైన చిరునామా. వ్యాసం పేరునే చిరునామాగా వాడే అమరికను ఎంచుకుంటే, వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షిక నుంచి తెలుగు చిరునామానే తయారుచేస్తుంది, బ్రౌజరు దాన్ని చక్కగా తెలుగులోనే చూపుతుంది కూడా. చిక్కు లోపల ఉంది. చిరునామాల్లో తెలుగు సంకేతం ప్రతిదీ శాతం గుర్తులతో కూడిన 9 రోమన్ గుర్తులుగా మారుతుంది, ఆ భాగానికి వర్డ్‌ప్రెస్ కేటాయించిన చోటు 200 గుర్తులు మాత్రమే. సాహిత్యం అనే ఒక్క మాటలో గుణింతపు గుర్తు, వత్తు, సున్నా అన్నీ లెక్కిస్తే 8 సంకేతాలు ఉన్నాయి, అంటే 72 గుర్తులు. అలాంటి మాటలు రెండు పట్టి మూడవది మధ్యలో తెగిపోతుంది. తెగిన చిరునామా పనిచేయకపోదు గానీ చూపుకు అసంపూర్ణంగా ఉంటుంది, దాన్ని సందేశంలో పంపితే అవతలి వ్యక్తికి అరతెర నిండా శాతం గుర్తులు కనిపిస్తాయి. ఒకటి రెండు చిన్న తెలుగు మాటలతో గానీ, రోమన్ లిపిలో రాసిన చిన్న పేరుతో గానీ ప్రతి వ్యాసానికీ చిరునామాను చేతితో రాయడం అలవాటు చేసుకోవాలి. ప్రచురించి, పదిమందీ పంచుకున్నాక మార్చడం ఇబ్బందికరం కనుక ఈ నిర్ణయం ముందే జరగాలి.

పర్మాలింకు మార్చిన వెంటనే ముఖపత్రం తెరుచుకొని వ్యాసాలు మాత్రం పేజీ దొరకలేదన్న 404 లోపం చూపితే, చిరునామాలను దారి మళ్లించే డాట్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలు రాయబడలేదని గ్రహించాలి. పర్మాలింకు పేజీని మళ్లీ భద్రపరిస్తే సాధారణంగా అది ఏర్పడుతుంది. అపాచీ సర్వరు చదివే ఈ ఫైలును ఎన్‌జింక్స్ సర్వరు చదవదు, అక్కడ దారి మళ్లింపు సర్వరు అమరికల్లోనే ఉండాలి. 500 అంకెతో లోపం వస్తే అదే ఫైలులోని తప్పుడు వరుసనో, సరిపడని పీహెచ్‌పీ వెర్షన్‌నో అనుమానించాలి. డేటాబేసుతో సంబంధం కుదరలేదన్న సందేశానికి మాత్రం వెతకవలసిన చోటు స్పష్టం: అమరిక ఫైలులోని నాలుగు వివరాలు, ఖాతా పేరుతో కలిసిన పూర్తి పేర్లు, యూజరుకు ఇచ్చిన అధికారాలు. ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు డేటాబేసు సర్వరే ఆగి ఉండవచ్చునని హోస్టింగ్ కంపెనీని అడగాలి.

నకలు భద్రపరచడం అన్నది ఈ పద్ధతిలో నెలకొల్పినవారికి విడిగా నేర్పవలసిన విద్య కాదు. పీహెచ్‌పీమైఅడ్మిన్ నుంచి డేటాబేసును ఎగుమతి చేసి, డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరునూ అమరిక ఫైలునూ దింపుకొని, మూడింటినీ ఆ హోస్టింగ్ ఖాతాకు వెలుపల దాచుకుంటే సరిపోతుంది. ఆ నకలు నిజంగా పనికొస్తుందో లేదో తెలియాలంటే మాత్రం ఒకసారి దాని నుంచి సైటును లేపి చూడాలి. ఒక ఉపడొమైన్ సృష్టించి, కొత్త ఖాళీ డేటాబేసులోకి ఎగుమతి ఫైలును దిగుమతి చేసి, కొత్త వర్డ్‌ప్రెస్ ఫైళ్ల మధ్య పాత డబ్ల్యూపీ-కంటెంట్ ఫోల్డరును ఉంచి, అమరిక ఫైలులో కొత్త డేటాబేసు వివరాలు రాయాలి. అప్పుడు కూడా నకలు సైటు నుంచి అసలు సైటుకే దారి మళ్లుతుంది, సైటు చిరునామా ఆప్షన్స్ పట్టికలో సైట్‌యూఆర్‌ఎల్, హోమ్ అనే రెండు వరుసల్లో రాసి ఉండటమే అందుకు కారణం. ఆ రెండు వరుసలనూ పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో మార్చాలి. ఎగుమతి ఫైలును ఎడిటరులో తెరిచి పాత చిరునామా ఉన్న ప్రతిచోటా కొత్తది వేసేయడం సులువుగా తోచినా, ప్లగిన్లు దాచుకునే సమాచారంలో ప్రతి పదబంధం పక్కనా దాని బైట్ల లెక్క కూడా రాసి ఉంటుంది, చిరునామా పొడవు మారి లెక్క తప్పితే ఆ సమాచారం మొత్తం చదవరానిదవుతుంది. వర్డ్‌ప్రెస్ కమాండ్ లైన్ సాధనంలోని వెతికి మార్చే ఆదేశం ఈ లెక్కలను కూడా సరిచేస్తుంది కనుక డొమైన్ శాశ్వతంగా మారినప్పుడు దానినే వాడాలి. తెలుగు రాతలూ, పాత బొమ్మలూ, లింకులూ సవ్యంగా ఉన్నట్టు నిర్ధారించుకున్నాక ఉపడొమైన్‌లోని నకలు సైటునూ దాని డేటాబేసునూ తొలగించాలి; దానికి అప్‌డేట్లు చేసేవారు ఎవరూ ఉండరు, పాతబడిన ప్లగిన్ల ద్వారా దానిలోకి చొరబడినవారు అదే ఖాతాలో ఉన్న అసలు సైటు ఫైళ్లను కూడా చేరుకోగలరు.